రాబోయే మొటిమకు మందు

హైదరాబాద్‌లో అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ వరకు నడిస్తే అరగంట కూడా పట్టదు. ఆ కాస్త దూరంలోనే ఎంతమంది కుర్రకారు ఎదురవుతారో చూడండి. కాలేజీకి పోయేవాళ్లు, కోచింగ్‌కు పోయేవాళ్లు, జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్లు, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడి సేల్స్ చేసేవాళ్లు. ఆ వయసులో మొటిమలు అసలే రానివాళ్లు తక్కువ. అయినా ప్రతి ఒక్కరికీ ఈ కష్టం తనకొక్కరికే వచ్చినట్టుంటుంది. ఫొటో అనగానే ఒక చెంపే తిప్పే అమ్మాయి, కరోనా పోయి ఇన్నేళ్లయినా మాస్కు తీయని అబ్బాయి, చుట్టాల పెళ్లికి రానని మొండికేసే డిగ్రీ పిల్ల... వీళ్లది చిన్న బాధ అని నేను అనలేను. ముఖం దాచుకుని తిరగడం మనిషిని లోపల నుంచి తినేస్తుంది.

స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే ఈ రోజుల్లో ముందుగా రాసే వాటిలో రెటినాయిడ్ పూత మందు ఒకటి. చీటీ మీద అడాపలీన్ అనో, ట్రెటినాయిన్ అనో ఉంటుంది. ‘రాత్రి పూట పల్చగా రాయండి, ఎండలో జాగ్రత్త, రెండు నెలల తర్వాత రండి’ అని చెప్పి పంపిస్తారు. కిటకిటలాడే ఓపీలో అంతకు మించి చెప్పే తీరిక ఉండదు. అసలు కథ ఇంటికొచ్చాక అద్దం ముందు మొదలవుతుంది. ఈ మందు నాకు పడలేదని, పని చేయలేదని చెప్పినవాళ్లను చాలామందిని చూశాను. కాస్త నిదానంగా అడిగితే, వాళ్లలో ఎక్కువమంది అది పని మొదలుపెట్టే లోపే మానేశారని తేలుతుంది.

అందుకే ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ మందు ప్రధానంగా రాబోయే మొటిమ కోసం. అద్దంలో కనిపిస్తున్నదాన్ని రేపటికల్లా మాయం చేయమని దాన్ని అడగకండి.

ఇవాళ బుగ్గ మీద ఎర్రగా లేచిన మొటిమ నిన్న పుట్టింది కాదు. వెంట్రుక కుదురు లోపలి గోడ నుంచి రాలిపోవాల్సిన మృతకణాలు రాలకుండా ఒకదానికొకటి అంటుకుని, చర్మంలో ఊరే జిడ్డుతో కలిసి, సీసాకు బిరడా పెట్టినట్టు రంధ్రాన్ని మూసేస్తాయి. కంటికి ఆనని ఈ దశను డాక్టర్లు మైక్రోకమెడోన్ అంటారు. లోపల జిడ్డు పేరుకుని, అందులో బ్యాక్టీరియా పెరిగి, వాపు వచ్చి అది పైకి తేలడానికి వారాలు పడుతుంది. రెటినాయిడ్ చేసే పని ఆ మొదటి మెట్టు దగ్గరే. కణాలు అతుక్కోకుండా, సక్రమంగా రాలేటట్టు చూస్తుంది, వాపునూ కొంత తగ్గిస్తుంది. మీరు మందు మొదలుపెట్టిన రోజుకే చర్మం లోపల తయారై ఉన్నవి ఎలాగూ బయటికి వస్తాయి. కొందరికి మొదటి నెలలో అవి ఒకేసారి ముందుకొచ్చి, ఉన్నవాటికి తోడు ఇంకొన్ని లేచినట్టు కనిపిస్తాయి. ‘రాస్తే ఎక్కువయ్యాయి’ అని ట్యూబు విసిరేసేది సరిగ్గా అప్పుడే.

రెటినాయిడ్లంటే విటమిన్ ఎ కుటుంబం. ఆ విటమిన్‌తో మన ఊరికి పాత అనుబంధం ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల ఆధారంగానే, పిల్లల్లో విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే అంధత్వాన్ని ఆపడానికి ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు చుక్కలు వేసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. అలాగని మొటిమలకు విటమిన్ ఎ మాత్రలు కొనుక్కుని మింగకండి. ఒంట్లో అది ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. పూత మందు సంగతి వేరు. ట్రెటినాయిన్ మొటిమలకు పనికొస్తుందని 1969లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఆయన సహచరులు ప్రచురించారు. 1971లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. క్లిగ్‌మన్ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ల తరబడి చర్మ ప్రయోగాలు చేశాడు, ఈ మందు కథలో వాళ్ల ఒంటి మీది బాధ కూడా కలిసి ఉంది. ఆయన పనిచేసిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2021లో గానీ క్షమాపణ చెప్పలేదు. మనం తేలిగ్గా కొని, తేలిగ్గా పారేసే ట్యూబు వెనుక ఇంత ఉందని తెలియడం మంచిదే.

అడాపలీన్ ఆ తర్వాత తరానిది. అమెరికాలో 1996లో అనుమతి పొందింది. ట్రెటినాయిన్ కంటే మంట తక్కువ, వెలుతురుకు చెడిపోదు. 2016 నుంచి అక్కడ 0.1 శాతం జెల్‌ను చీటీ లేకుండా కూడా అమ్ముతున్నారు. డల్లాస్ నుంచి వచ్చే అక్కయ్య చాక్లెట్లతో పాటు ఈ ట్యూబులు కూడా పెట్టెలో వేసుకొస్తోంది. తెస్తే తప్పు లేదు. అది మీ ముఖానికి తగినదో కాదో ఇక్కడి డాక్టరుకు ఒకసారి చూపించాకే మొదలుపెట్టండి. మొటిమలనుకున్నవి అన్నీ మొటిమలు కావు.

మూడో వారం

నేను విన్న అనుభవాలన్నిటిలోనూ మూడో వారమే గట్టి పరీక్ష. మొదటి వారం ఏమీ తెలియదు. ఏమీ తెలియడం లేదు కదా అని కొందరు రెండు పూటలా రాస్తారు, కొందరు మోతాదు పెంచుతారు. అటు తర్వాత ముక్కు పక్కల పొట్టు లేస్తుంది. నవ్వితే పెదవి మూలలు చిట్లుతాయి. మిర్చి బజ్జీ తింటే నోటి చుట్టూ భగ్గుమంటుంది. సబ్బు తగిలితే చురుక్కుమంటుంది. చర్మం బిగుసుకుపోయి, బుగ్గలు ఎర్రబడి, రాసుకున్న పౌడరు పొట్టు మీద తెల్లగా తేలుతుంది.

సెల్‌ఫోన్ రిపేరు చేసే ఒక కుర్రాడు మూడో వారంలో తన ముఖం చూసుకుని, మందు పడలేదనుకుని మానేశాడు. నెల తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ మూడో వారానికే మానేశాడు. కష్టమంతా రెండుసార్లు పడ్డాడు, ఫలితం మాత్రం ఒక్కసారీ చూడలేదు. అతనికి డాక్టరు మార్చిన మందేమీ లేదు. వారానికి మూడు రాత్రులే రాయమన్నారు, ముందు మాయిశ్చరైజరు రాసి దాని మీద జెల్ రాయమన్నారు. అంతే. నెలన్నర తిరిగేసరికి కొత్త మొటిమలు తగ్గడం తనకే తెలిసింది. మూడు నెలలకు నుదురు నున్నబడింది.

ఆ లెక్క గుర్తుపెట్టుకోండి. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఈ మందును బాగుందనడానికైనా, బాగోలేదనడానికైనా అంత గడువు ఇవ్వాలి. అది పూర్తయ్యే దాకా పొద్దున్నే లేచి అద్దంలో లెక్కపెట్టుకోవడం మానేయండి. నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో ఫొటో తీసుకుంటే చాలు. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

మంట, పొట్టు ఓర్చుకోవాల్సిందేనని కూడా నేను అనను. మన చర్మం రంగుకు ఇది చాలా ముఖ్యమైన సంగతి. తెల్లవాళ్ల చర్మం రేగితే ఎర్రబడి తగ్గిపోతుంది. మన గోధుమ రంగు, చామనఛాయ చర్మం రేగితే అక్కడ నల్ల మచ్చ పడుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. మొటిమ మచ్చలు పోవాలని రాసిన మందే మచ్చలు తెచ్చిందంటే కారణం చాలాసార్లు తొందరే. కాబట్టి కాస్త పొడిబారితే ఓర్చుకోండి. ముఖం ఉబ్బినా, మండుతూనే ఉన్నా, చిట్లి నీరు కారినా ఆపేసి డాక్టరుకు చూపించండి.

వేలి కొస మీద బఠాణీ గింజంత

రాసే తీరు ఎవరూ చేత్తో చూపించరు గనక వివరంగా చెబుతాను.

రాత్రి మెత్తటి ఫేస్‌వాష్‌తో ముఖం కడుక్కోండి. తుడిచాక ఇరవై నిమిషాలు ఆగండి. తడి ముఖం మీద రాస్తే మందు ఎక్కువగా ఇంకి మండుతుంది. ట్యూబు నుంచి బఠాణీ గింజంత మందు వేలి కొస మీద తీసుకోండి. మొత్తం ముఖానికి అంతే. నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి, అక్కడి నుంచి పల్చగా పరచండి. కళ్ల చుట్టూ, ముక్కు పుటాల మూలల్లో, పెదవి అంచుల్లో వద్దు. అక్కడికి జారకుండా ముందే కాస్త వ్యాజిలీన్ అద్దుకోవచ్చు. మొటిమ మీద మాత్రమే బొట్టు పెట్టినట్టు రాసేవాళ్లు మందు అసలు ఉద్దేశాన్నే వదిలేస్తున్నారు. ఇంకా పుట్టని మొటిమలు ఆ చుట్టుపక్కల మామూలుగా కనిపించే చర్మంలోనే ఉన్నాయి.

మొదటి రెండు మూడు వారాలు రాత్రి విడిచి రాత్రి. చర్మం తట్టుకుంటే రోజూ. పొడి చర్మమైతే మాయిశ్చరైజరు, మందు, మళ్లీ మాయిశ్చరైజరు. ఒక రాత్రి మరిచిపోతే మర్నాడు రెండింతలు రాయనక్కర్లేదు.

నాంపల్లి దర్గా వైపు ఉండే ఒక ఇల్లాలికి వేరే సందేహం. నమాజుకు ముందు రోజుకు ఐదుసార్లు వుజూ చేయాలి, అంటే ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవాలి, ముఖం అన్నిసార్లు తడిస్తే మందు నిలుస్తుందా అని. వుజూకు వాడేది మంచినీళ్లే గనక భయం లేదు. ప్రతిసారీ సబ్బు పెట్టకుండా ఉంటే చాలు. రాత్రి ఇషా నమాజు అయ్యాక, ఇక పడుకునే ముందు ముఖం ఆరనిచ్చి రాసుకుంటే తెల్లవారుజామున ఫజర్ నమాజు దాకా మందుకు కావలసినంత సమయం దొరుకుతుంది. ఇలాంటి ప్రశ్నలు డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. మీ రోజు ఎలా గడుస్తుందో మీరు చెప్తేనే వాళ్లకు తెలుస్తుంది.

పగలు సన్‌స్క్రీన్ తప్పదు. ఎస్పీఎఫ్ 30 గానీ అంతకు మించి గానీ. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉంటుంది కదా, కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లు చలికాలం ఎండేగా అని మధ్యాహ్నమే బయల్దేరుతారు. చలిగాలికి ముందే పొడిబారిన ముఖానికి ఎండ, దుమ్ము తోడై సాయంత్రానికి మంట మొదలవుతుంది. ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు ముఖానికి చుట్టుకునే చున్నీ నిజంగా పనికొస్తుంది. దాన్ని రోజూ ఉతకండి, దాని కింద సన్‌స్క్రీన్ కూడా రాయండి.

ఈ మందు వాడుతున్నంత కాలం పైపెదవికి వ్యాక్సింగ్ చేయించకండి, చర్మం ఊడి వస్తుంది. పార్లర్‌లో బ్లీచ్, స్క్రబ్ వద్దని ముందే చెప్పండి. ఇంట్లో నిమ్మరసం, టూత్‌పేస్ట్, వేపాకు ముద్ద, ముల్తానీ మట్టి అన్నీ ఆపేయండి. తలకు నూనె పట్టించి పడుకునే అలవాటుంటే నుదుటి మీది మొటిమలకు అదే కారణం కావచ్చు. జిమ్‌కు పోయే కుర్రాళ్లు తాగే వే ప్రొటీన్ వల్ల కొందరికి మొటిమలు పెరుగుతాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్ రాసిచ్చి ఉంటే తెల్ల దిండు గలీబు వేసుకోండి, రంగు గుడ్డ తెల్లగా వెలిసిపోతుంది.

మందుల షాపులో ‘మంచి ట్యూబు’

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే విషయానికి వస్తాను. మన దగ్గర చాలామంది ట్రెటినాయిన్‌ను తమకు తెలియకుండానే రాసుకుంటున్నారు. ఎలాగంటే, ఏ గల్లీలోనైనా రోజూ జరిగే సంభాషణే ఇది.

‘అన్నా, మొటిమలకు మంచి ట్యూబు ఉంటే ఇయ్యే.’

‘ఇది రాస్కో చెల్లె. పది రోజుల్ల మొహం నున్నగైతది, తెల్లగ గూడ అయితవ్.’

ఆ మాట అబద్ధం కాదు, అదే ప్రమాదం. పది రోజుల్లో ముఖం నిజంగానే నున్నబడుతుంది. ఎందుకంటే ఆ ట్యూబులో మూడు మందులుంటాయి. రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితో పాటు మోమెటాసోన్ లాంటి స్టిరాయిడ్. మంగు మచ్చల కోసం, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా, కొద్ది వారాల పాటు వాడేందుకు పుట్టిన కలయిక అది. దాని మూల రూపం 1975లో వచ్చిన క్లిగ్‌మన్ ఫార్ములా. అలాంటి దాన్ని మన ఊళ్లలో ఫెయిర్‌నెస్ క్రీములా ఏళ్ల తరబడి పూస్తున్నారు. స్టిరాయిడ్ ఎర్రదనాన్ని, వాపును అణచిపెడుతుంది గనక మొదట్లో అద్భుతంగా ఉంటుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది. సన్నటి ఎర్ర నరాలు తేలతాయి. బుగ్గల మీద నూగు వెంట్రుకలు వస్తాయి. ఎండలోకి అడుగుపెడితే భగభగ మంటుంది. మానేసిన కొద్ది రోజులకే మొటిమలు గుంపుగా లేస్తాయి, దాంతో మళ్లీ ట్యూబు చేతిలోకి వస్తుంది. మన దేశపు చర్మవైద్యుల సంఘం ఏళ్లుగా దీని మీద పోరాడుతోంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్చిలో 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదే అమ్మాలని ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడిగితే ఇచ్చే కౌంటర్లు ఇంకా ఉన్నాయి.

మీ ట్యూబు తీసి, దాని మీద సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్... వీటిలో ఏది కనిపించినా అది స్టిరాయిడే, మొటిమల మందు కానే కాదు. నెలల తరబడి వాడి ఉంటే మాత్రం భయపడి ఇవాళే ఒక్కసారిగా మానేయకండి. ట్యూబు చేత్తో పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. మెల్లగా ఎలా తప్పించాలో వాళ్లకు తెలుసు. క్లిండమైసిన్ ఒక్కటే ఉన్న జెల్‌ను నెలల తరబడి రాసుకోవడం కూడా మంచిది కాదు. బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. అందుకే డాక్టర్లు దాన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జతచేస్తారు.

పెళ్లి, గర్భం, గుంటలు

పెళ్లి కుదిరిన అమ్మాయిలు ముహూర్తానికి నెల ముందు పరుగెత్తుకొస్తారు. పైన చెప్పిన మూడో వారం లెక్క వేసుకోండి, పెళ్లిపీటల మీద పొట్టు లేచిన ముఖంతో కూర్చోవాల్సి వస్తుంది. నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి. అంత వ్యవధి లేకపోతే వేరే మార్గం డాక్టరునే అడగాలి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు పసుపు నలుగుకు కొద్ది రోజుల ముందు ఆపితే మంట తప్పుతుంది.

పెళ్లయ్యాక పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే రెటినాయిడ్ పూత మానేయాలి. గర్భం వచ్చిందని తెలిసిన రోజే ఆపి డాక్టరుకు చెప్పాలి. తెలియక కొన్ని రాత్రులు రాసుకున్నామని కుమిలిపోనక్కర్లేదు, పూత మందు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మింగే ఐసోట్రెటినాయిన్ మాత్ర దారి పూర్తిగా వేరు. అది గర్భంలోని బిడ్డకు ఘోరమైన అవకరాలు తెస్తుంది. వదిన వాడిన మాత్రలు మిగిలాయని మరదలు వేసుకోవడం లాంటివి ఏ ఇంట్లోనూ జరగకూడదు. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ, దవడ చుట్టూ మొటిమలు లేస్తుంటే హార్మోన్ల పరీక్ష కూడా అవసరం కావచ్చు.

ముఖం బాగుపడ్డాక ఏం చేయాలన్నది చాలామంది అడగరు. పూర్తిగా మానేస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతాయి, కాబట్టి వారానికి కొన్ని రాత్రులైనా కొనసాగించమని డాక్టర్లు చెబుతారు. నల్ల మచ్చలు ఈ మందుతోనే నెమ్మదిగా తేలికపడతాయి. గుంటలు మాత్రం ఒక్క పూతతో పూడవు, వాటికి వేరే చికిత్సలున్నాయి. గిల్లకుండా ఉంటే ఆ గుంటలు చాలావరకు పడకుండా ఉంటాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’ అని, ‘ఈ వయసులో మామూలే’ అని బిడ్డ నోరు మూయించకండి. ఇంటికొచ్చిన చుట్టం ‘అయ్యో, ముఖం ఏంటమ్మా ఇలా అయ్యింది’ అన్నప్పుడు మాట మార్చే బాధ్యత మీది. ప్రైవేటు ఫీజు భారమనిపిస్తే అబిడ్స్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది, అక్కడ చర్మ విభాగం ఉంది. పొద్దున్నే ఓపీకి వెళ్లండి. ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసి బిడ్డతో పాటు తీసుకెళ్లండి.